నూట ఇరవై తొమ్మిది రోజులు

2024 జూన్ పదో తేదీ, సోమవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు ఆ పిల్ల ప్రొద్దుటూరులో మా ఇంటి గేటు తీసింది. భుజాన ఒక సంచి, చేతిలో ఒక జత బూట్లు. బూట్లు సంచిలో పెట్టుకోలేదేమని అడిగాను. సామాను పోయినా పర్వాలేదు గానీ ఇవి పోకూడదు, అంది. నేను గోడగడియారం చూసి కొత్త నోటుబుక్కు మొదటి పేజీలో తేదీ, సమయం రాసుకున్నాను. విమానం దిగింది ముందు రోజే అయినా, ఒక రోజు తక్కువ లెక్కపెట్టుకోవడమే మేలనుకున్నాను. పన్నెండు నెలల లెక్క అక్కడ మొదలైంది.

ఆ పిల్లకు అప్పటికి పద్దెనిమిదేళ్లు. పుట్టింది, పెరిగింది న్యూజిలాండ్‌లో. ఎనిమిది వందల మీటర్ల పరుగు ఆమెది. మన దేశం తరఫున పరిగెత్తాలని వచ్చింది. మన దగ్గర నియమం ఏమిటంటే, మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లే మన జట్టులో ఉండాలి. బయటి దేశాల్లో పుట్టిన మన వాళ్ల పిల్లలకు ప్రభుత్వం ఒక కార్డు ఇస్తుంది. ఆ కార్డుతో ఎప్పుడైనా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండవచ్చు, కానీ దేశం పేరున్న జెర్సీ వేసుకోకూడదు. వేసుకోవాలంటే ఏడాది పాటు ఇక్కడ ఉండి, తండ్రి ఒకప్పుడు ఈ దేశంవాడేనని రుజువు చూపి, పౌరసత్వానికి అర్జీ పెట్టుకోవాలి. అది మంజూరైతే అక్కడి పాస్‌పోర్టు వదులుకోవాలి.

వాళ్ల నాన్న నా దగ్గర ఒకటో తరగతి చదివినవాడు. జమ్మలమడుగు పక్కన పెన్న ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో గొర్రెలు మేపుకునే కుటుంబం వాళ్లది. అతను ఏసీ మెకానిక్కుగా కువైట్ పోయి, అక్కడ ఆస్పత్రిలో పనిచేసే ఫిలిప్పీన్స్ నర్సును పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఉద్యోగం పుణ్యమా అని ఇద్దరూ న్యూజిలాండ్ చేరి, ఆ దేశం పౌరులయ్యారు. అంటే ఈ దేశానికీ ఆ పిల్లకూ మధ్య ఉన్న దారం ఒక్క పోగే, వాళ్ల నాన్న. ఊళ్లో గొర్రెల కొట్టం తప్ప పరిగెత్తే చోటు లేదని, మా ఇంటి పక్కనే హైస్కూలు మైదానం ఉందని, నాకు స్టాప్‌వాచ్ పట్టడం తెలుసని అతను ఫోన్ చేసి అడిగాడు. మేడ మీద గది ఖాళీగా ఉంది. సరే అన్నాను.

నేను ముప్పై నాలుగేళ్లు టీచరుగా పనిచేశాను, ఎక్కువ కాలం లెక్కలు చెప్పాను. తాలూకా ఆటల పోటీల్లో ప్రతిసారీ స్టాప్‌వాచ్ నాకే ఇచ్చేవారు. మగ మాస్టర్లు తమ బడి పిల్లలకు ఒకటి రెండు సెకన్లు తగ్గించి రాసేవారు. నేను తగ్గించను, పెంచను. నా రాతకు ఎవరూ మళ్లీ లెక్క కట్టేవారు కాదు. ఇది గొప్పకు చెప్పడం లేదు. తర్వాత జరిగినదానికి అదే కారణం కాబట్టి చెబుతున్నాను.

ఆ పిల్ల తెలుగు వాళ్ల నాన్న ఊరు విడిచిన నాటి తెలుగు. ప్రొద్దుటూరు బజారులో ఈ కాలం పిల్లలెవరూ అనని మాటలు అనేది. డబ్బుకు దుడ్లు, షాపుకు అంగడి, అటకకు మచ్చు. బట్టలంగట్లో కుర్రవాళ్లు నవ్వేవారు. ఒక ఆటో అతను, "యాడి నుంచి వచ్చినావు పాపా, మా జేజి మాట్లాడినట్ల మాట్లాడతాండావే" అన్నాడు. ఆమె పట్టించుకోలేదు. ఎండాకాలం పొద్దున అయిదున్నరకు, చలికాలం ఆరున్నరకు మైదానంలో ఉండేది. నేను గేటు దగ్గర కుర్చీ వేసుకుని వాచ్ పట్టుకునేదాన్ని. మొదటి వారం మట్టి నేల మీద రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లు. ఆగస్టుకు పదకొండు.

ఎందుకింత పట్టుదల అని ఒకసారి అడిగాను. ఇంట్లో టీవీలో పరుగు పందేలు వచ్చినప్పుడు వాళ్ల నాన్న అక్కడి పిల్లల కోసం కాక మన పిల్లల కోసం చూసేవాడట. మన పిల్ల వెనకబడితే లేచి బయటికి పోయి కారు తుడుస్తూ కూర్చునేవాడట. "మా నాయన మళ్లా లోపలికొచ్చి కూచోవల్ల అవ్వా" అంది.

ఆమెకు మెళకువలు చెప్పడానికి పులివెందులలో ఒక రిటైరైన డ్రిల్లు మాస్టరు ఒప్పుకున్నాడు. వారానికి రెండు రోజులు బస్సులో అక్కడి పెద్ద మైదానానికి పోయేవాళ్లం. ఆయనకు ఈ నియమాల మీద కోపం. వేరే దేశాల వాళ్లు అవ్వ పుట్టిన ఊరు చూపిస్తే జట్టులోకి పిలుచుకుంటారని, వాళ్ల అమ్మ దేశమైతే ఈ పిల్లకు ఎర్ర తివాచీ పరుస్తుందని అనేవాడు. నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఇక్కడ చెప్పుల్లేకుండా పరిగెత్తే పిల్లలున్నారు, బయటినుంచి వచ్చినవాళ్లు ఈ నేలకు సొంతమని ముందు కాగితం మీద తేల్చుకోవాలి, కాగితం సరిగ్గా ఉంటే భయమెందుకు అని వాదించేదాన్ని. ఆ మాట నాకిప్పటికీ చెవిలో ఉంది.

2024 సెప్టెంబరు 21, శనివారం, పగలు పదకొండు గంటలకు ఆ పిల్ల పెదనాన్న ఊరినుంచి వచ్చాడు. ఇంటి కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో తెచ్చాడు. తమ్ముడి స్కూలు సర్టిఫికెట్, తన స్కూలు సర్టిఫికెట్. అన్నదమ్ములమని చూపడానికి తనది కూడా పనికొస్తుందేమోనని తెచ్చానన్నాడు. నేను రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. రెండింటిలోనూ తండ్రి పేరు, తల్లి పేరు ఒకటే. పెద్దోడు పుట్టింది 1976 జనవరి 12. చిన్నోడు పుట్టింది 1976 మే 20.

అలవాటు కొద్దీ తీసివేత వేశాను. నూట ఇరవై తొమ్మిది రోజులు.

పెదనాన్న మజ్జిగ తాగుతూ గొర్రెలకు వచ్చిన గాలికుంటు గురించి చెబుతున్నాడు. నాకు 1981 జూన్ 15, సోమవారం, ఆ బడి వరండా కనిపించింది. ఆ కాలంలో పిల్లల పుట్టిన తేదీలు ఎవరికీ తెలియవు. వానొచ్చిన ఏడు అనేవారు, ఏరు పొంగినప్పుడు అనేవారు. తేదీ టీచరే వేసేది, అందరు టీచర్లూ అదే చేసేవారు. ముందు ఏడు నేను అందరికీ జులై ఒకటి వేశాను. ఇన్‌స్పెక్టరుగారు రిజిస్టరు చూసి, మీ ఊరి ఆడవాళ్లంతా ఒకే రోజు కన్నారా అమ్మా అని నలుగురిలో నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. అందుకే ఆ ఏడు బడి తెరిచే ముందు రోజే కూర్చుని, రిజిస్టరులో ఇరవై మూడు వరసలకు ఇరవై మూడు తేదీలు వేసి పెట్టుకున్నాను. వారం వారం తేడా, అక్కడక్కడా ఒక రోజు జరిపి. ఎవరు ఏ వరసలో వస్తే ఆ తేదీ వాళ్లది. చూడ్డానికి చాలా నమ్మకంగా ఉండింది.

ఆ అన్నదమ్ముల తల్లి ఇద్దరినీ ఒకేసారి తెచ్చింది. పెద్దోడు మూడో వరసలో నిలబడ్డాడు. చిన్నోడు ఒక గొర్రెపిల్ల వెంట పారిపోయాడు. వాణ్ని పట్టుకొచ్చేసరికి ఇరవై మంది అయిపోయారు. వాడిది ఇరవై ఒకటో వరస. నేను పేరు రాశాను, పక్కనున్న తేదీ చూడలేదు. నలభై మూడేళ్లు ఎవరూ చూడలేదు. అన్న గొర్రెల్లో ఉండిపోయాడు, తమ్ముడు దేశం దాటాడు. రెండు కాగితాలు ఒక బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు.

నేను పెద్దోడితో, "నీది అక్కర్లేదులే నాయనా, చిన్నోడిది చాలు" అన్నాను. అతని సర్టిఫికెట్ నా బీరువాలో, చీరల కింద పెట్టాను. పోగొట్టుకుంటావేమో, నా దగ్గరే ఉండనీ అన్నాను. అతను చేతులు జోడించి, "మీ కాడుంటే భద్రం మేడమ్" అని పోయాడు.

ఆ రోజునుంచి నాకు బస్సులో కూర్చున్నా, అంగట్లో పప్పు తూకం చూస్తున్నా ఆ అంకె వచ్చి పక్కన కూర్చునేది. గేటు చప్పుడైతే ఎవరైనా ఆఫీసునుంచి వచ్చారేమో అనిపించేది. చెబితే ఏమవుతుంది? కోర్టుకు పోయి తేదీ సరిచేయించుకోవాలి. దానికి నేనే నిలబడి, ఇవి ఊహించి రాసిన తేదీలని ప్రమాణం చేయాలి. నా రాత తప్పని నేను చెప్పాలి. రేపు చెబుదాం అనుకున్నాను. అలా అనుకున్న రోజులు కూడా నోటుబుక్కులో లెక్కకు వస్తాయని ఆలోచించలేదు.

డిసెంబరు 14న పులివెందులలో పోటీలు జరిగాయి. ఆ పిల్లను పరిగెత్తనిచ్చారు గానీ పోటీలో లేనట్టే. జాబితాలో పేరు లేదు, ఛాతీ మీద నంబరు లేదు. రెండు నిమిషాల ఏడు సెకన్లలో ముందుగా వచ్చింది. రెండోదిగా వచ్చిన పెండ్లిమర్రి ఊరి పిల్లకు మెడల్ వేశారు. పెండ్లిమర్రి పిల్ల మెడల్ తీసుకొచ్చి ఈమె చేతిలో పెట్టి, "నువ్వు ముందు లేకుంటే నాకు ఆ టైము వచ్చుండదు అక్కా, తీసుకో" అంది. ఈమె తీసుకుని, ఒక నిమిషం మెడలో వేసుకుని, తిరిగి ఆ పిల్ల మెడలో వేసింది. తిరుగు బస్సులో కిటికీవైపే చూస్తూ కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను. అప్పుడు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

2025 మార్చి 18, మంగళవారం, సాయంత్రం నాలుగున్నరకు మేడ దిగి వచ్చింది. న్యూజిలాండ్ నుంచి కబురు వచ్చింది. వాళ్ల జూనియర్ జట్టులో చోటు ఇస్తామన్నారు, మూడు రోజుల్లో జవాబు చెప్పాలి. వాళ్ల జెర్సీ ఒక్కసారి వేసుకుంటే తర్వాత మన దేశం తరఫున పరిగెత్తడానికి ఏళ్ల తరబడి ఆగాలని డ్రిల్లు మాస్టరు ముందే చెప్పి ఉన్నాడు. ఆమె వంటింటి గడప మీద కూర్చుంది. నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను.

"అవ్వా, మన కాగితాలన్నీ సరిగ్గా ఉండాయి కదా?"

"ఎందుకడుగుతున్నావు?"

"నువ్వు చూసినావంటే నేను మళ్లా చూడను. నువ్వు చెప్పు."

"సరిగ్గానే ఉన్నాయి" అన్నాను.

ఆమె అక్కడే కూర్చుని ఫోనులో జవాబు రాసి పంపింది. వద్దు అని రాయడానికి నిమిషం కూడా పట్టలేదు. తర్వాత నా ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది.

ఏడాది నిండింది. జూన్ 11న అర్జీ పెట్టింది. వారం తర్వాత డ్రిల్లు మాస్టరు ఫోన్ చేసి, పెద్ద పోటీలకు ఎంపిక జరగబోతోందని, ఆగస్టు ఆఖరులోగా పాస్‌పోర్టు చేతికి వస్తే పేరు ఇవ్వవచ్చని చెప్పాడు. విచారణ జులై 16, బుధవారం అన్నారు. తండ్రి తరఫు బంధువులు ఎవరైనా వచ్చి గుర్తుపట్టాలన్నారు. వాళ్ల నాన్నను కన్న జేజి, పెదనాన్న, నేను, ఆ పిల్ల జిల్లా కలెక్టరు ఆఫీసుకు పోయాం. పదిన్నరకు పిలిచారు.

ఆఫీసరు చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. ముసలమ్మకు కుర్చీ వేయించాడు. చిన్నోడి కాగితాలు చూసి తల ఊపాడు. అప్పుడు పెదనాన్న జేబులోంచి మడత కాగితం ఒకటి తీసి ఇచ్చాడు. తన సర్టిఫికెట్. నా బీరువాలో ఉన్నది కాదు. నన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని బడికి పోయి ఇంకొకటి తెచ్చుకున్నాడు. నా ముఖం చూసి నవ్వాడు కూడా, చూడండి ఎంత జాగ్రత్తగా ఉన్నానో అన్నట్టు.

ఆఫీసరు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. నేను పెట్టినట్టే. పెన్ను ఒక తేదీ మీదినుంచి ఇంకో తేదీ మీదికి పోయి ఆగింది.

"అవ్వా, ఈ ఇద్దరూ నీ కడుపున పుట్టినోళ్లేనా?"

"ఇంకెవరి కడుపున పుడతారు నాయనా."

"వీళ్లిద్దరికీ నాలుగు నెలలే తేడా ఉందే. నాలుగు నెలలకు ఇంకొకరిని ఎట్ల కన్నావు?"

గదిలో ఎవరో నవ్వారు. ముసలమ్మ నవ్వలేదు.

"గొర్రె గూడా అయిదు నెలలు మోస్తాది నాయనా. నేను గొర్రె కంటే బిరీన కంటినా?"

అప్పుడు నేను లేచాను. ఆ తేదీలు నేను వేశానని, అసలు తేదీలు ఎవరికీ తెలియవని, 1981 జూన్‌లో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆఫీసరు మొత్తం విన్నాడు. కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే బాగుండేది.

"టీచరమ్మా, ఒకటి చెప్పండి. మీరు ఊహించి రాసింది పెద్దాయన తేదీ ఒక్కటేనా, ఇద్దరివీనా?"

పెద్దోడిది ఒక్కటే అంటే ఆ రోజుకు గండం గడిచేదేమో. ఆ పిల్ల నావైపు చూస్తోంది. పది నెలలు మౌనంగా ఉండి అబద్ధం ఆడినదాన్ని, ఆ ఒక్క మాట దగ్గర ఆడలేకపోయాను. ఎందుకో నాకే తెలియదు.

"ఇద్దరివీ" అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టాడు. ఆ పిల్ల నాన్న పాస్‌పోర్టుకు, ఆ పిల్ల కార్డుకు, ఈ అర్జీకి అన్నిటికీ మొదటి ఆధారం నేను వేసిన ఆ తేదీయే. అది ఊహ అని నేనే చెప్పాక ఆయన చేయగలిగింది లేదు. కోర్టునుంచి తీర్పు తెచ్చుకోండి, అప్పుడు మళ్లీ పెట్టుకోండి అని ఫైలు వెనక్కి ఇచ్చాడు. సమయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు.

మధ్యాహ్నమే ప్రొద్దుటూరులో ఒక వకీలు దగ్గరికి పోయాం. ఆయన కాగితాలు చూసి, ఏడెనిమిది నెలలు పడుతుందన్నాడు. ఇది పెద్ద పని కాదని, నిరుడు వచ్చి ఉంటే ఈ పాటికి తీర్పు చేతిలో ఉండేదని మామూలుగానే అన్నాడు. అతనికి ఏమీ తెలియదు.

ఇంటికి వచ్చాక ఆ పిల్ల మేడ ఎక్కలేదు. చెప్పులు విప్పి, నేను కాళ్లు కడుక్కుని వచ్చేదాకా నిలబడి ఉంది.

"అవ్వా, నీకు ఎప్పుడు తెలిసింది?"

"నిరుడు సెప్టెంబరు 21. శనివారం. పగలు పదకొండున్నర ప్రాంతం."

ఆమె బల్ల మీదున్న నోటుబుక్కు తీసి ఆ తేదీ వెతికింది. ఆ పొద్దున ఆమె పరుగు టైము అక్కడ నా రాతలో ఉంది, రెండు నిమిషాల పది సెకన్లు. తర్వాత మార్చి 18 తీసింది. అక్కడా టైము ఉంది, చిక్కుడుకాయల మాట లేదు. కొంచెంసేపు చూసి పుస్తకం మూసి, మూలలు సరిచేసి, ఎక్కడున్నదో అక్కడే పెట్టింది. మేడ మెట్లు ఎక్కుతుంటే, ఎప్పుడూ రెండేసి మెట్లు ఎక్కే పిల్ల, ఒక్కొక్కటిగా ఎక్కింది. పద్దెనిమిది మెట్లు.

ఆగస్టు 9, శనివారం, ఉదయం ఏడుంపావుకు వెళ్లిపోయింది. బూట్లు సంచిలో పెట్టుకుంది. ఇప్పుడు పరిగెత్తడం లేదని, ఒక అంగట్లో పనిచేస్తోందని వాళ్ల నాన్న ఫోనులో చెప్పాడు. టీవీలో పోటీలు వస్తే చూస్తున్నారా అని అడగబోయి ఊరుకున్నాను. అతను ఇప్పటికీ నన్ను మేడమ్ అనే పిలుస్తాడు. అది మునుపటికంటే కష్టంగా ఉంది.

ఆ రిజిస్టరు ఇంకా ఆ బడిలోనే ఉంది. ఆ ఒక్క ఏడు నేను వేసిన తేదీలు ఇరవై మూడు. అలాంటి జూన్‌లు నా ఉద్యోగంలో ఎన్నో. ఆ పిల్లల పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు. గేటు చప్పుడైతే నాకు ఇప్పటికీ మొదట తీసివేతే గుర్తొస్తుంది.

పోయినవి ఇవి.

ఆ పిల్ల మా ఇంట్లో గడిపిన రోజులు, 425.

అందులో నేను తెలిసీ చెప్పనివి, 298.

న్యూజిలాండ్ జట్టులో చోటు, ఒకటి.

మన జట్టు ఎంపికకు పేరు ఇచ్చే అవకాశం, ఒకటి.

ఏ పుస్తకంలోనూ ఎక్కని పందేలు, నాలుగు. నాలుగింటిలోనూ ఆమే ముందు.

ఆఖరు టైము, పులివెందులలో, జులై 12న, రెండు నిమిషాల అయిదు సెకన్ల నాలుగు పదోవంతులు. వాచ్ పట్టింది నేనే. దానికి సాక్షి నా నోటుబుక్కు ఒక్కటే.